ఎర్ర బానెట్టు, నీలి మడ్గార్డులు

ఫిబ్రవరి 3, సోమవారం

నాకు ఎవరిమీదా కోపం లేదు. ముందుగా అది రాసుకోవాలి.

అన్నదమ్ములు మాట మానేసి ఇవాల్టికి నాలుగు నెలలు. ఒకే నర్సరీ, ఒకే గేటు, ఒకే వంటిల్లు. ఎదురుపడితే బావగారు మందార మొక్కల వైపు చూస్తారు, మా ఆయన ఆకాశం వైపు చూస్తారు. ఏదైనా చెప్పుకోక తప్పకపోతే మధ్యలో అత్తయ్య. అత్తయ్యకి ఒక చెవి బొత్తిగా వినిపించదు. రెండోది ఆవిడకి ఇష్టమైనప్పుడు వినిపిస్తుంది.

ఇవాళ పొద్దున బావగారు, "అమ్మా, అంట్లకి నీళ్ళు తగ్గించమని వాడితో చెప్పు" అన్నారు. గులాబీ అంట్లు. వేళ్ళు కుళ్ళిపోతున్నాయి. అత్తయ్య తిన్నగా వంటింట్లోకి వచ్చి, "అంట్లకి నీళ్ళు తగ్గించాలటర్రా, మీ పెద్దాయన చెప్పమన్నాడు" అంది. అప్పుడు అక్కా నేనూ గిన్నెలు తోముతున్నాం. అక్క, అంటే మా తోడికోడలు, చేతిలో పీచు పక్కన పడేసి, "నాలుగు నెలల నుంచీ ఆయన మొక్కలే చూస్తున్నారనుకున్నాను. గిన్నెలు కూడా లెక్కపెడుతున్నారా?" అంది. ఆ పంతంతో రోజంతా చెంబెడు నీళ్ళతోనే తోమింది. గులాబీలకి మాత్రం ఈయన ఎప్పట్లాగే పైపు వదిలేశారు. అంట్లు రెండు రకాలూ పాడయ్యాయి.

రేపు పిల్లలు హాస్టలు నుంచి వేసవి సెలవులకి వచ్చి గొడవ దేనికని అడిగితే ఏం చెప్పాలో తెలియక, కారణం ఒకసారి రాసి చూసుకుంటున్నాను. నిమ్మమొక్క కొనడానికి వచ్చినవాడి ముందు బావగారు ఈయనతో "నీకు తెలీదు, ఊరుకో" అన్నారు. అంతే. ఇంకోసారి చదివి చూశాను. అంతే ఉంది.

ఫిబ్రవరి 4, మంగళవారం

28వ తేదీన సర్వేయరు వస్తాడట. నర్సరీని రెండుగా కొలిచి మధ్యలో కంచె వేస్తారట. బావి మాకు, షెడ్డు వాళ్ళకి. మామయ్యగారు కొన్న ట్రాక్టర్ని రెండుగా చెయ్యడం కుదరదు కాబట్టి పాత ఇనుప సామాన్లవాడికి ఇచ్చేస్తారట. ఈ ఒక్క విషయంలో ఇద్దరిదీ ఒకే మాట.

దాన్ని నడిపేది బావగారు, బాగుచేసేది ఈయన. గొడవైన రోజు నుంచి ఆయన నడపలేదు, ఈయన తాకలేదు. ఎరువు బస్తాలూ కుండీలూ మట్టీ అన్నీ తోపుడుబండి మీదే. అంతకుముందు ట్రాక్టర్‌కి అక్కడక్కడా తుప్పు ఉండేది. ఇప్పుడు తుప్పుకే అక్కడక్కడా ట్రాక్టర్ ఉంది.

దానికి రంగు వేస్తాను. ఇందులో వేరే ఉద్దేశం ఏమీ లేదు. ఇంట్లోంచి పోయేది ఏదైనా కాస్త శుభ్రంగా పోవాలి.

ఫిబ్రవరి 5, బుధవారం

ఇనుప బ్రష్షుతో గంటన్నర గీకాను. ఒక మడ్గార్డు మీద జానెడు మేర ఇనుము బయటపడింది. నా భుజం కూడా ఇంచుమించు బయటపడింది.

ఈయన మొక్కలకి మందు కొట్టే మిషను వీపుకి తగిలించుకుని నాలుగుసార్లు అటు నుంచి ఇటు వెళ్ళారు. నాలుగోసారి ఆగి, "ముందు డీజిలుతో జిడ్డు తుడవాలి. లేకపోతే రంగు పట్టదు" అన్నారు.

"అయితే మీరు తుడవండి."

"నాకేం పని?" అని వెళ్ళిపోయారు.

మిషన్లో మందు లేదు. నేను చూశాను.

ఫిబ్రవరి 7, శుక్రవారం

అక్క వచ్చింది! తలకి తువ్వాలు చుట్టుకుని, చేతిలో గిన్నెలు తోమే ఇనుప పీచు పట్టుకుని. "నువ్వొక్కదానివీ గీకుతుంటే ఆ చప్పుడుకి నా పళ్ళు జివ్వుమంటున్నాయే. ఇద్దరం గీకితే తొందరగా వదిలిపోతుంది" అంది.

మాడిన గిన్నె మీద పడ్డట్టే దాని మీద పడింది. మధ్యాహ్నానికల్లా రేడియేటరు ముందున్న జాలీ తళతళలాడుతోంది.

"బావగారు చూస్తే ఏమంటారో" అన్నాను.

"చూడనీ. వాళ్ళు చూడాలనేగా నువ్వు మొదలెట్టింది?"

"ఛ ఛ, లేదక్కా."

"లేదులే" అంది అక్క.

సాయంత్రం దాకా మాటలే మాటలు. నేను కాపురానికి వచ్చిన రోజు బస్సు చెడిపోతే ఈ ట్రాక్టర్ ట్రాలీలోనే తీసుకొచ్చారు. వాన. అక్క దారి పొడుగునా నా మీదే గొడుగు పట్టి తను తడిసింది. వారం రోజులు తుమ్మిందట. పన్నెండేళ్ళ తర్వాత ఇవాళ చెప్పింది. "ఎందుకు చెప్పలేదక్కా?" అంటే, "కొత్తకోడలికి అదా చెప్పేది?" అంది.

ఫిబ్రవరి 9, ఆదివారం

చిన్న తేడా వచ్చింది. పెద్ద విషయం కాదు.

ఆ రోజు నేనెక్కి వచ్చింది నీలం ట్రాక్టర్. నాకు కళ్ళకి కట్టినట్టు గుర్తు. అక్క మాత్రం ఎరుపంటుంది. గీకి చూద్దామన్నాం. బానెట్టు గీకితే తుప్పు కింద ఎరుపు వచ్చింది. అక్క నా వైపు చూసింది. నేను మడ్గార్డు గీకాను. నీలం వచ్చింది. నేను అక్క వైపు చూశాను. ఎప్పుడో మామయ్యగారు ఇంకో పాత బండి మడ్గార్డులు తెచ్చి దీనికి బిగించి ఉంటారు. లేదా ఇంకో పాత బండి బానెట్టు. నా ఉద్దేశంలో బానెట్టే.

వరండాలో ఉన్న అత్తయ్యని అడిగాం. "అత్తయ్యా, మొదట్లో ఏ రంగు?"

"మీ మామయ్యా? చామనఛాయ" అంది అత్తయ్య.

ఫిబ్రవరి 10, సోమవారం

తుప్పు పట్టకుండా అడుగున వేసే రెడ్ ఆక్సైడు పూత పూర్తయింది. ఎండేదాకా రెండు రోజులు ఆగమని రంగుల షాపాయన చెప్పాడు. నీలం డబ్బా తెచ్చి పెట్టాను. అక్క ఒప్పుకుంటుంది. అక్క ఎప్పుడూ నా మాట కాదనదు.

ఫిబ్రవరి 12, బుధవారం

పొద్దున వెళ్ళి చూద్దును కదా, బానెట్టు మొత్తం ఎర్రగా నిగనిగలాడుతోంది. పక్కనే అక్క, మోచేతుల దాకా ఎరుపుతో.

"నీలం అనుకున్నాం కదక్కా?"

"అనుకున్నది నువ్వు."

"ఎరుపు ఎండకి వెలిసిపోతుందక్కా. షాపాయన కూడా..."

అక్క బ్రష్షు డబ్బా అంచుకి రాస్తూ, తలైనా తిప్పకుండా, "రంగుల సంగతి నీకు తెలీదు, ఊరుకో" అంది.

నిమ్మమొక్క కొనేవాడు ఒక్కడే తక్కువ.

ఈయన పడ్డ బాధ నాకివాళ పూర్తిగా అర్థమైంది. కానీ నాకు కోపం రాలేదు.

ఫిబ్రవరి 13, గురువారం

మడ్గార్డులు రెండిటికీ నీలం వేశాను. ముందు చక్రాల రిమ్ములకి కూడా. కొంచెం బానెట్టు మీద పడింది. గాలి.

ఫిబ్రవరి 14, శుక్రవారం

గాలికి పడ్డ నీలాన్ని తుడిచి అక్క మళ్ళీ ఎరుపు పూసింది. అంతటితో ఆగక స్టీరింగుకి కూడా ఎరుపు వేసింది. స్టీరింగు నల్లగా ఉంటుందని లోకంలో అందరికీ తెలుసు. నేను సీటు చుట్టూ నీలం చేశాను. ఇక సైలెన్సరు ఒక్కటే మిగిలింది. ఇద్దరం దాని మీద కన్నేసి ఉంచాం.

ఫిబ్రవరి 15, శనివారం

వెనక వరండాలో రెండో పొయ్యి వెలిగింది. నాది.

అన్నదమ్ములు నాలుగు నెలలు మాట్లాడుకోకపోయినా ఈ ఇంట్లో కూర ఒకటే ఉడికింది. పన్నెండేళ్ళుగా కూర అక్కది, కాఫీ నాది. ఇవాళ మొదటిసారి ఈయనకి నా కూర వడ్డించాను. మూడు గ్లాసుల నీళ్ళు తాగారు. గోడ అవతల బావగారు అక్క పెట్టిన కాఫీ తాగి గట్టిగా దగ్గారు.

నిశ్శబ్దంగా బాగుంది.

ఫిబ్రవరి 17, సోమవారం

మూడు రోజులుగా ఈయనకి ఆకలి లేదు. నా దగ్గర రెండు ముద్దలు తిని లేస్తారు. పైగా పొద్దున కాఫీ రెండో గ్లాసు అడిగి ఫ్లాస్కులో పట్టుకెళ్తున్నారు. మనిషి మాత్రం చిక్కలేదు. మధ్యాహ్నం ఇంటికి వస్తే మీసంలో ఒక ఆవగింజ.

నా కూరలో ఆవాలు లేవు. డబ్బా అక్క దగ్గరే ఉండిపోయింది.

ఫిబ్రవరి 18, మంగళవారం

పదకొండింటికి వెనకాలే వెళ్ళాను. ఇది అనుమానం కాదు, మొక్కలు చూసుకుందామని.

నర్సరీ చివర పచ్చవల పందిరి వెనక, బోర్లించిన పెద్ద కుండీల మీద ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. ఈయన ఒళ్ళో అక్క స్టీలు డబ్బా. బావగారి చేతిలో నా ఫ్లాస్కు మూత నిండా నా కాఫీ. నేను క్రోటన్ మొక్కల వరస వెనక కూలబడ్డాను.

"మీ ఆవిడకి కాస్త నచ్చజెప్పరా. రంగు కోసం ఇంత పంతమా?" అన్నారు బావగారు.

"మొదలెట్టింది వదినే. 'నీకు తెలీదు, ఊరుకో' అందట."

బావగారు కాఫీ తాగడం ఆపేశారు. మూతలోకి చాలాసేపు చూశారు.

"అలా అనకూడదు" అన్నారు.

"అనకూడదు" అన్నారు ఈయన.

"ఏదో తొందర్లో అని ఉంటుంది. మనసులో ఏముంటుంది?"

"ఆ ముక్క అప్పుడే చెప్తే సరిపోయేదిగా."

"ఎలా చెప్తుందిరా, అవతలి మనిషి ఎప్పుడు చూసినా ఆకాశంలోకి చూస్తుంటే?"

ఈయన డబ్బాలోకి తల వంచుకున్నారు. తర్వాత బావగారు డబ్బా వైపు చెయ్యి చూపించి, "ఆ దుంప ముక్కలు కూడా తినేయ్. వెనక్కి పట్టుకెళ్తే మీ వదిన అడుగుతుంది" అన్నారు.

"సరే అన్నయ్యా."

అన్నయ్యా! నోటికి చెంగు అడ్డం పెట్టుకున్నాను. సరిగ్గా అప్పుడే ఎదుటి వరసలో, పెద్ద కుండీ వెనక, ఇంకో చెంగూ రెండు కళ్ళూ కనిపించాయి. అక్క. ఇంట్లో తిన్నాక కూడా కట్టించుకెళ్ళి ఖాళీ చేసి తెచ్చే డబ్బా సంగతేమిటో తేల్చుకుందామని వచ్చిందట.

తర్వాత బావి దగ్గర కలిశాం. ముందు కడుపుబ్బ నవ్వుకున్నాం. తర్వాత అక్క కళ్ళు తుడుచుకుని, "ఇప్పుడు మనం కలిసిపోయామనుకో, వీళ్ళకి కలుసుకునే పని ఉండదు. మళ్ళీ మందారాలూ ఆకాశమూ మొదలు. సర్వేయరు వచ్చేదాకా మనం కొట్టుకోవాల్సిందే" అంది.

"గట్టిగానా?"

"వాళ్ళకి వినిపించాలిగా."

ఫిబ్రవరి 20, గురువారం

నాటకం అదిరిపోయింది. సైలెన్సరు గురించి అరగంట అరుచుకున్నాం. అక్కలో ఇంత కళ ఉందని నాకు తెలియదు. అత్తయ్య కుర్చీ వరండా చివరికి లాక్కుని మరీ చూసింది. సాయంత్రం అన్నదమ్ములిద్దరూ వచ్చి, "ముందు దీన్ని వీళ్ళ మధ్యలోంచి తీసేద్దాం" అని ట్రాక్టర్ని షెడ్డులోకి తోశారు. తోసినవాళ్ళు మళ్ళీ బయటికి రాలేదు. వెళ్ళి తొంగిచూస్తే బానెట్టు ఎత్తి, ఇద్దరూ ఇంజన్లోకి తలలు దూర్చి ఉన్నారు. ఫిల్టరు ఎప్పుడు మార్చావని ఆయన, మార్చనిస్తే కదా అని ఈయన.

ఫిబ్రవరి 21, శుక్రవారం

ఇవాల్టి నాటకం రంగు డబ్బా మూత గురించి. మూత నేనే తీసి వదిలేశానని పెట్టుకున్నాం.

"పన్నెండేళ్ళయింది ఈ ఇంటికి వచ్చి, మూత పెట్టడం ఇంకా చేతకాలేదు!" అంది అక్క, షెడ్డు వైపు గొంతు పెంచి. అది అనుకున్న మాటే.

"నువ్వు నేర్పిస్తే కదా!" అన్నాను. ఇదీ అనుకున్నదే. అక్కడ ఆగాలి. ఆగలేదు. "ఏ పనీ ఎవరినీ చెయ్యనివ్వవు. అన్నీ నువ్వే చేసేసుకుని, తర్వాత నడుం విరిగిపోయిందని ఇంటిల్లిపాదికీ చెప్పుకుంటావు!"

అక్క బ్రష్షు డబ్బా మీద అడ్డంగా పెట్టింది.

"చెప్పుకుంటున్నానా?" అంది మామూలు గొంతుతో. "అయితే ఇక మీరు అది వినక్కర్లేదులెండి."

మీరు. లెండి.

పన్నెండేళ్ళలో అక్క నన్ను ఎప్పుడూ మీరు అనలేదు.

ఫిబ్రవరి 22, శనివారం

నాటకం బాగానే సాగుతోంది. అక్క పాత్రలో బాగా లీనమైంది.

ఫిబ్రవరి 24, సోమవారం

బావి దగ్గర నేను ముందున్నానని అక్క బిందె పట్టుకుని వెనక్కి వెళ్ళిపోయింది. చూసేవాళ్ళు ఎవరూ లేరు. బావగారూ ఈయనా బజారుకి వెళ్ళారు, బ్యాటరీ కోసం. కలిసే వెళ్ళారు. ఎవరూ లేనప్పుడు నాటకం ఎవరి కోసమో నాకు తెలియలేదు.

అన్నదమ్ములు నాలుగు నెలలు మాట్లాడుకోకపోతే నేను హాయిగా నిద్రపోయాను. ఇప్పుడు మూడు రోజులుగా పట్టడం లేదు. దోమలు.

ఫిబ్రవరి 25, మంగళవారం

దోమలు కాదు.

ఫిబ్రవరి 27, గురువారం

రేపే సర్వేయరు. ఇంజన్లో తలపెట్టి పొద్దస్తమానం మాట్లాడుకునే మనుషులు బయటికి రాగానే ఎవరి గుమ్మం వాళ్ళు ఎక్కుతున్నారు. వద్దని చెప్పి ఫోను చేయవచ్చుగా అంటే, "అన్నయ్య పిలిపించాడు, అన్నయ్యే వద్దనాలి" అంటారు ఈయన. అవతల బావగారు, "కంచె అడిగింది వాడు" అంటున్నారట. అత్తయ్య చెప్పింది. సరిగ్గా విన్నదో లేదో.

మూత పెట్టడం నాకు నిజంగానే చేతకాదు. నీలం డబ్బా ఎండి మీగడ కట్టింది.

ఫిబ్రవరి 28, శుక్రవారం

పదింటికి సర్వేయరు వచ్చాడు. ఇనుప టేపు, నాలుగు మేకులు, ఒక సుత్తి. వరండాలో కూర్చున్న అత్తయ్యతో, "కొలతలు తియ్యడానికి వచ్చానమ్మా" అన్నాడు గట్టిగా.

వరండాకి ఆ చివర అక్క, ఈ చివర నేను. బావగారు వచ్చి నిలబడ్డారు. ఈయన వచ్చి నిలబడ్డారు. ఒకరి చేతులకి గ్రీజు మోచేతుల దాకా, ఇంకొకరికి భుజాల దాకా.

"ఎక్కడ నుంచి మొదలుపెట్టమంటారు?" అన్నాడు సర్వేయరు.

వద్దు అనే ఒక్క ముక్క ఎవరైనా అంటారేమోనని చూశాను. బావగారు చెప్పుల వైపు చూశారు. ఈయన ఆకాశం వైపు చూశారు. నా ప్రాణం ఉసూరుమంది.

చివరికి బావగారు నీళ్ళు నమిలి, "అమ్మా, ఎక్కడ నుంచి కొలవాలో వాణ్ణి అడుగు" అన్నారు.

అత్తయ్య లేచింది. కొంగు సర్దుకుంది. సర్వేయరు ముందుకొచ్చి రెండు చేతులూ బారుగా చాపి నిలబడింది.

"భుజాల దగ్గర నుంచి మొదలెట్టు నాయనా. పోయినసారి నువ్వు కుట్టింది చంకల్లో పట్టేసింది. చేతులు కాస్త పొడుగు పెట్టు."

సర్వేయరు టేపుతో అలాగే నిలబడిపోయాడు. ముందు ఈయన నుంచి ఒక చప్పుడొచ్చింది, చలికాలంలో ఇంజను స్టార్టవ్వక మొరాయించినప్పుడు వచ్చే చప్పుడు. ఆపుకుందామనుకున్నారు, వల్ల కాలేదు. బావగారు వెనక్కి తిరిగారు కానీ భుజాలు అదురుతున్నాయి. అత్తయ్య చేతులు దించలేదు. "నవ్వుతారేంట్రా, కొలవనివ్వండి" అంది.

"అన్నయ్యా," అన్నారు ఈయన. అందరి ముందూ, గట్టిగా. "ముందు అమ్మకి కొలవమందామా?"

బావగారు ఇటు తిరిగారు. కళ్ళు తుడుచుకున్నారు.

"కొలవమనరా. మనకేం తొందర లేదు."

అంతే. నాలుగు నెలలకి అంతే.

అక్క ఆ చివర నవ్వి నవ్వి, ఉన్నట్టుండి "అబ్బా" అని నడుం పట్టుకుంది. నేను ఎప్పుడు కదిలానో, ఎప్పుడు అక్కడికి వెళ్ళానో తెలియదు. పట్టుకున్నాను.

"నొప్పా అక్కా?"

"లేదు. ఉంటే ఇంటిల్లిపాదికీ చెప్పుకుంటానుగా."

"తప్పయిపోయిందక్కా. అది నాటకంలో..."

"నాటకంలో లేదు. నిజంగానే అన్నావు. నిజమే కూడా. చెప్పుకోకపోతే మీలో ఒక్కరైనా అడుగుతారే, నొప్పా అని?"

"మరి నాకు పని ఇవ్వవేం? వచ్చిన రోజు నుంచీ కాఫీ ఒక్కటే నాది. ఇంకా చుట్టాన్నేనా?"

అక్క నన్ను ఎగాదిగా చూసింది. ఆ చూపుకి అర్థం నాకు ఇంకా పూర్తిగా తెలియదు. "రేపట్నుంచి కూర కూడా నువ్వే చెయ్యి. చూద్దాం," అంది. "సైలెన్సరుకి కూడా నీకిష్టమైన రంగు వేసుకోవే."

"నిజంగా?"

"నీలం తప్ప."

సర్వేయరుని ఊరికే పంపడం బాగుండదని ట్రాక్టర్‌కి కొత్త షెడ్డు ఎంత పొడుగు వెయ్యాలో కొలిపించారు. అతను ట్రాక్టర్ని ఒకసారి, తలుపు దగ్గర నిలబడ్డ అత్తయ్యని ఒకసారి చూసి, మారుమాట్లాడకుండా కొలిచాడు పాపం.

సాయంత్రం బండి స్టార్టయింది. బావగారు స్టీరింగు దగ్గర, ఈయన మడ్గార్డు మీద. మధ్యాహ్నమే స్టీరింగుకి ఎరుపూ, మీగడ తీసేసి మడ్గార్డులకి నీలమూ ఇంకో పూత వేశాం, అది ఇంకా ఆరలేదని చెప్దామనుకున్నాను. అక్క నా చెయ్యి పట్టుకుని, "ఊరుకో" అంది. ఈసారి ఊరుకున్నాను. గేటు దాకా వెళ్ళి తిరిగొచ్చాక చూస్తే ఆయనకి అరచేతులు ఎరుపు, ఈయనకి కూర్చునే చోటంతా నీలం.

మార్చి 1, శనివారం

ట్రాలీ నిండా మొక్కలతో అన్నదమ్ములు పొద్దున్నే బయల్దేరారు. ఎటు తిప్పాలో ఒకరికొకరు చెప్పుకుంటూ, కేకలేసుకుంటూ. సందు చివరి దాకా వినిపించింది.

నా కూరలో ఉప్పు ఎక్కువైంది. అక్క మొహం చిట్లించుకుని, రెండోసారి వడ్డించుకుంది.

ఇక రాయడానికి తీరిక లేదు. వారం రోజుల మాటలు అలాగే ఉండిపోయాయి, అక్క వంటింట్లో ఉంది.